నలభయ్యో రోజుకు ముందు

కమ్‌షత్ బావగారి గిన్నెలో అంచుదాకా చాయ్ పోసింది.

పాలు కలిపిన చాయ్ అంచు దగ్గర వణికి, ఒక చుక్క బల్లగుడ్డ మీద పడింది. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఆ చుక్క వైపే చూశారు.

అత్తగారు బికెన్ తన కళ్ళను తానే నమ్మలేకపోయింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన తొమ్మిదేళ్ళలో కమ్‌షత్ ఎవరికీ సగం గిన్నెకు మించి పోసి ఎరగదు. సగం పోస్తే ఇంకా కూర్చోమని, అడిగినప్పుడల్లా మళ్ళీ పోస్తానని. నిండా పోస్తే తాగి దయచేయమని. బికెన్ తన జన్మలో నిండు గిన్నె ఒకే ఒక్కసారి పోసింది. అది కూడా తన ఎండుద్రాక్షలో పురుగులున్నాయని బజారంతా చాటి వచ్చిన మనిషికి.

"బాగుంది," అన్నాడు పెద్దకొడుకు ఒరజాలీ, గిన్నెను ముట్టుకోకుండా. "మా అమ్మ ఇంట్లో నన్ను పొమ్మనే రోజు కూడా వచ్చింది."

"చెయ్యి వణికిందేమోలే, అన్నయ్యా," అన్నాడు చిన్నవాడు మాదీ. "రెండు రోజులుగా నిద్ర లేదు తనకి."

"నా చెయ్యి వణకలేదు," అంది కమ్‌షత్.

మాదీ రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. భార్యకూ అన్నకూ మధ్య కూర్చోవలసి వస్తే చాలు, అతనికి ఎక్కడ లేని ఆకలీ పుట్టుకొస్తుంది.

"అపా," అంటూ కమ్‌షత్ అత్తగారి వైపు తిరిగింది. ఆ ఇంట్లో కొడుకులూ కోడలూ అందరూ బికెన్‌ను అపా అనే పిలుస్తారు. "ఇవాళ గురువారం. ఆదివారానికి షారిపా అత్త మనవడికి నలభై రోజులు నిండుతాయి. ఆ రోజే బయటికి, ఎండలోకి తెస్తారు. మీరు ఒక్క ఫోన్ చెయ్యండి. ఆవిడ నా మాట లెక్కచెయ్యదు. మీ మాట వింటుంది."

"ఫోన్ చేసి ఏం చెప్పమంటావ్?" అన్నాడు ఒరజాలీ. "మీ మనవడికి జబ్బుందని చెప్పమంటావా?"

"ఉందో లేదో తెలియదని చెప్పమంటున్నాను. తెలిసేదాకా ఎండ తగలనివ్వద్దని చెప్పమంటున్నాను."

"తెలియదు! నెల బిడ్డ తల్లికి ఫోన్ చేసి, తెలియదు అని చెప్తావా? ఆవిడకి పాలు ఇంకిపోతాయి."

"ఏప్రిల్లో మీరు తెలుసు అని సంతకం పెట్టారు, మిర్జా అగా."

భర్త అన్నగారి పేరు కోడలు పలకకూడదు. కమ్‌షత్ ఆయనకు దొరగారన్నట్టుగా మిర్జా అగా అని పేరు పెట్టుకుంది. తొమ్మిదేళ్ళుగా ముద్దుగా పలికిన ఆ పిలుపు ఈ ఉదయం రాయిలా పడింది.

బికెన్ తన గిన్నెను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆల్మాటీ బజారులో ముప్పై ఏళ్ళుగా ఎండుపండ్లు అమ్ముతున్న మనిషి. ఇద్దరు బేరమాడుతుంటే మధ్యలో నోరు పెట్టకూడదని ఆమెకు తెలుసు. ఎవరు ముందు అలిసిపోతారో చూడాలి. కానీ ఈ బేరంలో తాసు మీదున్నది పరాయి సరుకు కాదు. అందులో తన మాట ఉంది.

షారిపా ఆమె పుట్టిన ఊరి మనిషి. సెమెయ్ దగ్గర, అణుబాంబుల పరీక్షలు జరిగిన మైదానానికి ఇవతల ఆ ఊరు. ఈ వసంతంలో షారిపా కోడలు బల్కియా కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షలో ఒక తేడా కనిపించింది. ఎండ దెబ్బ నుంచి ఒంటిని బాగుచేసే ప్రొటీన్ తాలూకు జన్యువుల రాతలో, ఒకచోట ఒక అక్షరం మారింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు అదే తప్పు వచ్చింది. అది ప్రమాదమో కాదో అక్కడి డాక్టరుకు తెలియలేదు. ఆ ప్రొటీన్ రూపాన్ని లోకంలో మొదటిసారి బొమ్మ కట్టినవాడు ఒరజాలీ కాబట్టి అతన్ని అడిగాడు. మారిన అక్షరం ప్రొటీన్ బయటి అంచున పడుతుందని, దానికి అక్కడ పనేమీ లేదని, భయం లేదని ఒరజాలీ ఉత్తరం రాసి ఇచ్చాడు.

అయినా షారిపాకు నమ్మకం కుదరలేదు. బికెన్‌కు ఫోన్ చేసింది. "నీ కూతురి సంగతి నేను కళ్ళారా చూశాను. నువ్వు చెప్పు, నమ్మనా?" అంది.

"నా కొడుకు చెప్పాడంటే నేను చెప్పినట్టే," అంది బికెన్. చనిపోయిన జమాల్ మీద ఒట్టు వేసి మరీ చెప్పింది.

జమాల్ ఆమె ఒక్కగానొక్క కూతురు. నలభై రోజులు నిండాక జులై ఎండలోకి ఎత్తుకొస్తే, గంట తిరక్కుండా ముఖమంతా బొబ్బలు లేచాయి. స్నానం పోసిన ఉప్పునీళ్ళు వేడెక్కువయ్యాయని అత్తగారు బికెన్‌ను తిట్టింది. పిల్ల పంతొమ్మిదేళ్ళు కర్టెన్ల వెనకాల బతికి, చర్మం మీద కణితులతో పోయింది. ఒరజాలీ చదివిన చదువంతా ఆ చెల్లెలి కోసమే చదివాడు.

అలాంటివాడు పొరపడ్డాడంటే బికెన్‌కు గొంతు దిగడం లేదు.

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పమ్మాయ్," అంది చివరికి. "ఒకటి చూపించి ఇంకోటి అమ్మారు. అంతేనా?"

"అంతే, అపా. కానీ మొదటి తప్పు నాది. ఆయన లాబొరేటరీలో ప్రొటీన్ తయారు చేసేది నేనే కదా." కమ్‌షత్ కెటిల్ కింద పెట్టింది. "మనిషి ప్రొటీన్ అంత మోతాదులో మనిషి ఒంట్లోంచి తియ్యలేం. బ్యాక్టీరియాలో పెంచుతాం. తర్వాత దాన్ని పగలగొట్టి, దాని సొంత ప్రొటీన్లన్నీ కడిగేసి మనదాన్ని వేరు చేస్తాం. ఎంత కడిగినా దానివి ఒకటీ అరా అంటుకుని వస్తాయి."

"బస్తాలో రాళ్ళు."

"రాళ్ళే. బొమ్మ తియ్యాలంటే ప్రొటీన్ స్ఫటికం కట్టాలి. మూడు వందల ఎనభై నాలుగు చుక్కలు పెట్టాను. నాలుగు నెలలు రోజూ చూశాను. ఒక్క చుక్కలో ఆరు స్ఫటికాలు వచ్చాయి, చక్కెర పలుకుల్లా. మనదే కట్టిందనుకున్నాను. కట్టింది రాయి."

"పరీక్ష చెయ్యలేదా?"

కమ్‌షత్ తల దించుకుంది. "ఒకటి కరిగించి తూచి ఉంటే ఆ రోజే తేలిపోయేది. ఆరే ఆరు, అపా. అంత అందంగా ఉన్నాయి. కరిగించడానికి మనసొప్పలేదు."

ఆ మాట బికెన్‌కు అర్థమైంది. సరుకు తక్కువగా ఉన్నప్పుడే మనిషి రుచి చూడటం మానేస్తాడు.

"మరి ఇప్పుడెలా తెలిసింది?"

"ప్రతి స్ఫటికం లోపలా చిన్న చిన్న గదులు వరసగా ఉంటాయి. ఆ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తాం. మొన్న రాత్రి ఆ మూడు కొలతలూ పాతవాటితో పోల్చాను. పన్నెండేళ్ళ కిందట వేరే దేశంలో ఎవరో కట్టిన బ్యాక్టీరియా ప్రొటీన్‌తో మూడూ కలిశాయి."

"కొలతలు కలిస్తే ఒకటే అయిపోతుందా?" అన్నాడు ఒరజాలీ. "నా చెప్పుల సైజూ మాదీ చెప్పుల సైజూ ఒకటే. అంతమాత్రాన నేను మాదీనా?"

"నన్ను మధ్యలోకి లాగకు, అన్నయ్యా. నా చెప్పులు చిరిగిపోయాయి."

"చెప్పులూ టోపీ ఉంగరం, మూడూ ఒకటే అయితే?" అంది కమ్‌షత్.

"మరి బొమ్మ ఎలా వచ్చిందిరా?" అని బికెన్ కొడుకును అడిగింది. కోడలే చెప్పింది.

"ఎక్స్‌రేతో నేరుగా బొమ్మ రాదు, అపా. పొగమంచు లాంటిది వస్తుంది. అందులో ఏముండాలో ఊహించి, ఆ ఊహను పెట్టి చూడాలి. పొగమంచు బాగా దట్టంగా ఉంటే, మనం ఏది పెడితే అదే కనిపిస్తుంది."

"చూశావా, అపా?" ఒరజాలీ గొంతు హెచ్చింది. "పదిహేనేళ్ళ నా పని ఊహట! పత్రికలో అచ్చయింది. పై నెలలో కొత్త మైక్రోస్కోపు దిగుతోంది. ముప్పై మంది పిల్లలు దాని మీద ఆశలు పెట్టుకుని ఉన్నారు. ఈవిడ నోటి మాటతో అవన్నీ మట్టిపాలు చెయ్యమంటావా? మూడు నెలలు టైమివ్వు. మళ్ళీ మొదటి నుంచి చేసి చూపిస్తాను."

"ఆదివారం మూడు నెలలు ఆగదు," అంది కమ్‌షత్.

బికెన్ మనసులో రెండు పళ్ళేలూ పట్టుకుంది. ఫోన్ చేసి, ఏమీ లేదని తేలితే? కొడుకు పరువు పోతుంది, షారిపా ఇంట్లో భయం మిగులుతుంది, తన మాటకు విలువ పోతుంది. ఫోన్ చెయ్యకుండా, ఉందని తేలితే? ఆ పళ్ళెంలో ఏముందో తలుచుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అయితే సరుకు చూడకుండా బేరం తిప్పడం ఆమెకు అలవాటు లేదు.

"ఆ స్ఫటికాలు ఇంకా ఉన్నాయా?"

"ఎక్స్‌రేకి మూడు పంపాం. చుక్కలో ఇంకో మూడున్నాయి," అంది కమ్‌షత్.

"ఒకటి కరిగించి తూచడానికి ఎంతసేపు?"

"మూడు గంటలు."

"ఆదివారానికి మూడు రోజులుంది. పదండి."

"వాటిని ముట్టుకోవడానికి వీల్లేదు!" ఒరజాలీ లేచి నిలబడ్డాడు. "కరిగిస్తే మళ్ళీ రావు."

"ఒక ఆప్రికాట్ విరిచి చూపించకుండా ముప్పై ఏళ్ళలో నేను బస్తా అమ్మలేదు," అంది బికెన్. "మాదీ, బండి తియ్యి."

లాబొరేటరీలో ఆమెకు తెల్లకోటు ఇచ్చారు. గుండీలు పడలేదు. తలగుడ్డ మీద మరో ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, ఎత్తుకుర్చీ మీద కూర్చుంది. కొడుకు ఏం చేస్తాడో ఇన్నేళ్ళలో ఆమె చూడటం ఇదే మొదటిసారి. బజారులో అందరికీ చెప్పుకునేది కానీ, లోపలికి వచ్చిందెప్పుడూ లేదు.

కమ్‌షత్ చలిగది లోంచి అరచేయంత పలక ఒకటి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"రెండే ఉన్నాయి."

"ఏమిటి?" అంది బికెన్.

"మూడుండాలి. నేను లెక్కపెట్టి మూత వేశాను. రెండే ఉన్నాయి."

"ఒకటి కరిగిపోయి ఉంటుంది," అన్నాడు ఒరజాలీ కిటికీ దగ్గర నుంచి. "ఏడాదిన్నర అయింది కదా."

కమ్‌షత్ వెంట్రుకంత సన్నటి ఉచ్చుతో ఒక స్ఫటికాన్ని పైకి తీసింది. మూడుసార్లు కడిగి, నీలిరంగు నీళ్ళలో వేసి మరిగించింది. అంత అపురూపంగా దాచుకున్నది బికెన్ కళ్ళ ముందే రెప్పపాటులో లేకుండా పోయింది. ఆ నీలి చుక్కను గాజుపలకల మధ్య ఉన్న పల్చటి జెల్ పైఅంచులో వేసి కరెంటు పెట్టింది. పక్కనే కొలత కోసం తూకం తెలిసిన ప్రొటీన్లు వేసింది.

"బరువైనది పైనే ఆగిపోతుంది, అపా," అంది. "తేలికైనది కిందికి పరిగెడుతుంది. మనిషిది బరువు. బ్యాక్టీరియాది దాంట్లో సగం కూడా లేదు."

"అంటే కిందికి దిగితే?"

"కిందికి దిగితే నేను చెప్పింది నిజం."

గంట గడిచింది. నీలి గీత మెల్లగా దిగుతోంది. కమ్‌షత్ బల్ల మీదికి వంగి చూస్తోంది. మాదీ కూడా చేతులు వెనక్కి కట్టుకుని, మ్యాచ్‌లో స్కోరు చూస్తున్నట్టు చూస్తున్నాడు. జెల్‌ను తీసి రంగు పట్టించడానికి మరో గంట పట్టింది.

బికెన్ జెల్ వైపు చూడటం ఎప్పుడో మానేసింది. అది ఆమెకు తెలిసిన తాసు కాదు. ఆమెకు తెలిసింది మనుషులు. తాసులో సరుకు వేసినప్పుడు కొనేవాడి కళ్ళు ముల్లు మీద ఉంటాయి. నిజాయితీగా అమ్మేవాడి కళ్ళూ ముల్లు మీదే ఉంటాయి. రాళ్ళు మార్చినవాడొక్కడే ముల్లు వంక చూడడు. ముల్లు ఎక్కడ ఆగుతుందో వాడికి ముందే తెలుసు. వాడు ఎదుటివాడి ముఖం చూస్తాడు.

రెండు గంటలుగా ఒరజాలీ ఆమె ముఖమే చూస్తున్నాడు.

"రంగు పట్టింది," అంది కమ్‌షత్. జెల్ పలకను వెలుతురు బల్ల మీద పెట్టింది. పైన ఏమీ లేదు. అడుగున ఒక్కటే గీత, ముదురు నీలం.

మాదీ ఈల వేయబోయి ఆగిపోయాడు.

"ఎప్పటి నుంచి తెలుసురా నీకు?" అంది బికెన్.

ఒరజాలీ అర్థం కానట్టు చూశాడు. "ఏది?"

"నేను నీ తల్లిని. ఆ మూడో పలుకు ఎప్పుడు కరిగించావు?"

గదిలో ఫ్రిజ్ ఒకటి గురగురమంటోంది. ఒరజాలీ కుర్చీ లాక్కున్నాడు కానీ కూర్చోలేదు.

"మార్చిలో," అన్నాడు.

"ఒరజాలీ!" అంది కమ్‌షత్.

తొమ్మిదేళ్ళలో ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. అన్నదమ్ములిద్దరూ ఉలిక్కిపడ్డారు. బికెన్ మాత్రం ఉలిక్కిపడలేదు. ఆమె లెక్కలో ఉంది. మార్చి తర్వాత ఏప్రిల్. సంతకం ఏప్రిల్లో. ఒట్టు ఏప్రిల్లో.

"అప్పటికే వ్యాసం పంపించేశాను, అపా. వెనక్కి తీసుకుంటే అంతా అడిగేవాళ్ళు. బొమ్మ తప్పయినా, ఆ అక్షరం నిజంగా బయటి అంచునే ఉండొచ్చు. ఉండకూడదని ఎక్కడుంది? మిగతా జీవుల ప్రొటీన్లలో చూస్తే..."

"ఉండొచ్చు," అంది బికెన్. "నేను అమ్మిన ప్రతి బస్తా అడుగునా మంచి పండే ఉండొచ్చు. అడిగినవాళ్ళకి నేనేనాడూ 'ఉండొచ్చు' అని చెప్పలేదు. నువ్వు నా చేత నా కూతురి మీద ఒట్టు వేయించావు."

"జమాల్ కోసమే కదా నేను..."

"ఆ పేరెత్తకు."

ఆమె కోటు జేబులు తడుముకుంది. తెల్లకోటు కింద తన కోటు, దాని లోపల ఫోను. జేబు అందలేదు. మాదీ ముందుకొచ్చి ఫోను తీసి, షారిపా నెంబరు నొక్కి ఆమె చేతిలో పెట్టాడు.

మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎత్తారు. వెనకాల దొంబ్రా తీగల మోత, నవ్వులు, గిన్నెల చప్పుడు.

"బికెన్! నూరేళ్ళు నీకు, ఇప్పుడే అనుకుంటున్నాం," అంటూ షారిపా గొంతు ఫోను బయటికి కూడా వినిపించింది. "నీకు ముందే చెప్పలేదని కోప్పడకు. ఆదివారం వానట. అందుకని ఇవాళే కానిచ్చేశాం. నలభై చెంచాల నీళ్ళూ పోశాం, పేరుపేరునా అందరం. పొద్దున తొమ్మిదింటికే బయటికి తెచ్చాం. ఎండ చూడాలి, ఇలాంటి ఎండ ఆగస్టులో కూడా లేదు!"

తొమ్మిదింటికి బికెన్ ఇంకా గుమ్మంలో బూట్లు వేసుకుంటోంది.

గోడ గడియారం ఒంటిగంట పావు చూపిస్తోంది.

"పిల్లాడెక్కడ, షారిపా?"

"ఎక్కడేమిటి, వాకిట్లోనే, తొట్టెలో. చుట్టూ జనమే. కాస్త పేచీగా ఉన్నాడులే. ముఖం ఎర్రబారింది, కళ్ళు తెరవనంటున్నాడు. నీళ్ళు వేడెక్కువయ్యాయేమోనని కోడల్ని తిడుతున్నా."

బికెన్ ఎత్తుకుర్చీ అంచు పట్టుకుంది.

"లోపలికి తీసుకెళ్ళు."

"ఏంటీ? పాట మొదలెట్టారు, వినపడటం లేదు."

"పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళు! కిటికీలు మూయి! షారిపా!"

"ఆగాగు, మా బల్కియా వచ్చింది. మీ ఒరజాలీతో మాట్లాడాలని పొద్దుటి నుంచీ ఒకటే గొడవ. ఆయన అభయం ఇవ్వబట్టే కదా ధైర్యంగా కన్నాను, ఆయనకి నా నోటితో చెప్పుకోవాలి అంటోంది. పక్కనున్నాడా? ఇదిగో, ఇస్తున్నా."

ఫోను అటు చేతులు మారుతున్న చప్పుడు. ఇటు బికెన్ తన ఫోనును పెద్దకొడుకు ముఖం ముందుకు చాచింది. చెయ్యి కదలకుండా అలాగే పట్టుకుంది.

"చెప్పు," అంది.

ఒరజాలీ ఆ ఫోను వైపు చూశాడు. తల్లి ముఖం వైపు చూడలేదు. చెయ్యి చాచనూ లేదు.

"అగా?" ఫోనులోంచి సన్నటి ఆడగొంతు, నవ్వుతూ, దానికి దగ్గరగా పసిబిడ్డ గుక్కపట్టిన ఏడుపు. "అగా, మీరేనా?"